పాత బండి మాట వినండి

ఒక్కొక్క ఊరికి ఒక్కొక్క పేరు. బొబ్బిలి అంటే వీణ; విజయనగరం అంటే సంగీత కళాశాల; పొందూరు అంటే సన్నఖద్దరు. సాలూరు అనగానే మా ఉత్తరాంధ్రలో ఎవరికయినా ముందు గుర్తుకు వచ్చేది లారీ. సాలూరు రాజేశ్వరరావుగారి పాటలంటే చెవి కోసుకునేవారు నన్ను క్షమింతురు గాక! ఆయన పుట్టిన శివరామపురం మాకు దగ్గరే. ఆ గర్వం మాకు లేకపోలేదు. అయినా తెల్లవారుజామున ఈ ఊళ్ళో మొదట వినపడేది భూపాలరాగం కాదు, లారీ స్టార్టు చేసిన చప్పుడు.

వేగావతి ఒడ్డున వున్న ఈ ఊరు 1979 దాకా శ్రీకాకుళం జిల్లాలో వుండేది. ఆ యేడు విజయనగరం జిల్లా యేర్పడినప్పుడు అందులోకి వచ్చింది. 2022లో పార్వతీపురం మన్యం జిల్లాలోకి మారింది. జిల్లాలు మారినా రోడ్డు మారలేదు. విజయనగరం నుంచి వచ్చే పెద్దరోడ్డు మా ఊరు దాటి, ఘాటీ యెక్కి, సుంకి, పొట్టంగి మీదుగా కోరాపుట్ పోతుంది. వెనుక దాన్ని 43వ నంబరు జాతీయ రహదారి అనేవారు. ఇప్పుడు మా మీదుగా పోయే భాగానికి 26వ నంబరు. కొండమీది సరుకు కిందికి దిగాలన్నా, సముద్రపు ఒడ్డు సరుకు కొండమీదికి యెక్కాలన్నా ఈ ఊరే గుమ్మం. గుమ్మం దగ్గర కూర్చున్నవాడికి రాకపోకలే బ్రతుకుతెరువు కదా! విజయవాడ తరువాత లారీలకు సాలూరే అని మావాళ్ళు చెప్పుకుంటారు. ఆ చెప్పుకోవడంలో కొంత మీసం మెలివేయడం వున్నా, వీధిలోకి వచ్చి చూస్తే కాదనబుద్ధి వేయదు. ఒట్టి చట్రంగా వచ్చిన బండికి ఇక్కడ కొయ్యతో, ఇనుముతో ఒళ్ళు కడతారు, రంగు వేస్తారు, ముందు అమ్మవారి పేరు, వెనుక పిల్లల పేర్లు రాస్తారు. కన్నెపిల్లను పెళ్ళికి ముస్తాబు చేసినట్లుంటుంది.

ఇటువంటి ఊళ్ళో తెలుగు పాఠం చెప్పేవాడి అవస్థ ఆలోచించండి. రథం అన్న మాట రాగానే ఇరుసు, చట్రము, కాడి అని నేను అర్థాలు చెప్పబోతాను. వెనుక బెంచీ కుర్రవాడు లేచి, ఇరుసుకూ డిఫరెన్షియలుకూ వున్న సంబంధం నాకే చెబుతాడు. వాళ్ళ నాన్న లారీ డ్రైవరు. మేనమామ బాడీ మేస్త్రి. పిన్నిగారి ఇంట్లో టైర్ల కొట్టు. ఇరవై యేళ్ళుగా వాళ్ళ దగ్గర విని విని, బహువ్రీహి సమాసంతోబాటు నాకు కూడా ఇంజను సంగతులు నాలుగు వంటబట్టాయి.

అదిగో, ఆ నాలుగు మాటలు నాకు వంటబట్టాయని అమెరికాలో వున్న మా మేనల్లుడికి తెలిసింది. ఆ మధ్య పెద్ద ఉత్తరం రాశాడు.

"మామయ్యా! నాకు చిన్నప్పటినుంచీ ఒక కోరిక వుంది. పోర్షే 944 టర్బో అనే కారు ఒకటి ఇక్కడ అమ్మకానికి వచ్చింది. 1986 నాటిది. ఎర్రది. నాకంటే వయసులో పెద్దది. ఇక్కడి మిత్రులు తలో మాటా చెబుతున్నారు. మీ ఊళ్ళో పాత బండ్లు కొని, అమ్మి, వాటిమీదే బ్రతికేవాళ్ళున్నారు కదా! వాళ్ళు పాత టర్బో బండిని ఎలా పరీక్ష చేస్తారో కనుక్కుని రాయి. అమ్మకు మాత్రం చెప్పకు."

అమ్మకు చెప్పవద్దన్న రహస్యం అమ్మకు తెలియకుండా వుండటం మన కుటుంబాలలో యెన్నడయినా జరిగిందా? మర్నాడే మా అక్కయ్య ఫోను చేసింది. "ఒరే తమ్ముడూ, వాడికి బుద్ధి చెప్పు. కొత్త కార్లు కొల్లలుగా దొరికే దేశంలో కూర్చుని నలభై యేళ్ళనాటి పాత సామాను కొంటానంటాడేమిటి? ఇల్లు కొనుక్కుంటాడని మేము యెదురుచూస్తుంటే!" అన్నది.

పోర్షే కారుతో మనకేమి పని అని మీరు అనవచ్చు. నిజమే. కాని పాత బండి కొనని మధ్యతరగతి సంసారం యేది? పాత స్కూటరో, పాత కారో, చేతిలో నాలుగు డబ్బులుంటే పాత లారీయో యెప్పుడో ఒకప్పుడు మన గుమ్మంలోకి వస్తుంది. కొన్నప్పుడు ముచ్చట, ఆరు నెలలకు మనోవ్యాధి. అందుచేత మా మేనల్లుడి ఉత్తరం జేబులో పెట్టుకుని నేను ఒక షెడ్డుకు వెళ్ళాను.

వెళ్ళేముందు టర్బో అంటే యేమిటో రెండు మాటల్లో చెప్పుకుందాం.

కమ్మరి కొలిమి చూశారు కదా. బొగ్గు వుంటే చాలదు, తిత్తి ఊదాలి. గాలి యెంత పడితే మంట అంత. ఇంజను కూడా కొలిమే. గాలి యెక్కువ పడితే నూనె యెక్కువ కాలుతుంది. బలం యెక్కువ పుడుతుంది. మామూలు ఇంజను తాను పీల్చుకోగలిగిన గాలితోనే సరిపెట్టుకుంటుంది. టర్బో వున్న ఇంజనుకు తిత్తి తగిలించారన్నమాట. మరి తిత్తి ఊదేదెవరు? బయటికి పోయే పొగే! పొగ పోయే దారిలో ఒక చిన్న చక్రం పెట్టారు. పొగ తోపుకు అది తిరుగుతుంది. అదే ఇరుసుకు రెండో కొనన ఇంకొక చక్రం. అది బయటిగాలిని ఒత్తి ఇంజనులోకి తోస్తుంది. వృథాగా పోయేదానితో పని చేయించుకోవడం. మన ఇళ్ళల్లో అమ్మమ్మలు ఈ విద్యలో యేనాడో ఆరితేరారు గాని, ఇంజనులో దీనికి మొదట పేటెంటు తీసుకున్నవాడు స్విట్జర్లాండు ఇంజనీరు ఆల్ఫ్రెడ్ బుషి, 1905లో.

ఆ చిన్న చక్రం నిమిషానికి లక్షసార్లు తిరుగుతుందంటే నమ్మబుద్ధి కాదు, కాని నిజం. దీన్ని కొండమీద పరీక్ష చేసినవాడు శాన్‌ఫర్డ్ మాస్ అనే అమెరికా ఇంజనీరు. 1918లో విమానం ఇంజనును పైక్స్ పీక్ అనే పధ్నాలుగు వేల అడుగుల పర్వతం మీదికి మోసుకుపోయి, గాలి పలచనయిన చోట కూడా టర్బోతో ఇంజను బలం తగ్గకుండా వుండగలదని రుజువు చేశాడు. కోరాపుట్ సముద్రమట్టానికి సుమారు 870 మీటర్ల ఎత్తున వుంది. లోడుతో ఘాటీ యెక్కే లారీ ఆయాసం చూసినవాళ్ళకు ఆ పరీక్ష విలువ వేరే చెప్పనక్కరలేదు.

కార్లకు టర్బో తగిలించి అమ్మినది మొదట అమెరికాలోనే. 1962లో ఓల్డ్స్‌మొబీల్ జెట్‌ఫైర్, షెవ్రొలే కార్వెయిర్ మోన్జా స్పైడర్ అనే రెండు వచ్చాయి. తరువాత 1973లో బి.ఎం.డబ్ల్యు. 2002 టర్బో, 1975లో పోర్షే 911 టర్బో. మా మేనల్లుడు మనసు పారేసుకున్న 944 టర్బో 1985 నుంచి 1991 దాకా తయారయింది. రెండున్నర లీటర్ల ఇంజను, నాలుగు సిలిండర్లు, సుమారు 220 అశ్వశక్తి. బండి బరువు టన్నున్నర లోపే.

మా లారీలతో పోల్చి చూడండి. 1954 నుంచి 1969 దాకా టాటావారు జర్మనీ బెంజి కంపెనీతో కలిసి జంషెడ్‌పూరులో లారీలు తయారు చేశారు. వాటికి టర్బో లేదు. 1993లో టాటావారూ కమిన్స్‌వారూ కలిసి అక్కడే ఇంజన్ల కంపెనీ పెట్టుకున్నారు. ఆ ఇంజన్లతో టర్బో మన రోడ్లమీద బాగా కనిపించసాగింది. 2000 నుంచి పొగ నియమాలు బిగిసేసరికి టర్బో లేని కొత్త లారీ క్రమంగా కరువయింది. 1613 అని లారీమీద రాసి వుంటుంది చూడండి. మొదటి రెండంకెలు మొత్తం బరువు, 16 టన్నులు. చివరి రెండంకెలు బలం, 130 అశ్వశక్తి అని గుర్తు. పదహారు టన్నులకు 130 గుర్రాలు! అక్కడ ఒక్క మనిషి షికారుకు 220 గుర్రాలు!

ఈ లెక్క చెప్పగానే షెడ్డులో మేస్త్రిగారు పగలబడి నవ్వారు. ఆయనకు అరవై దాటాయి. పాత లారీ కొనబోయేవాళ్ళు ఆయన మాట తీసుకోకుండా బయానా ఇవ్వరు.

"ఏటి మాస్టారూ, లోడెత్తని బండికి అన్ని గుర్రాలేటి? సరేగానండి, లారీ అయితేనేటి, మేనల్లుడుగారి కారయితేనేటి, పాత బండి మాటాడతాది. ఇనే సెవులుండాల, అంతే" అన్నారు.

ఆయన చెప్పినవి నేను వరుసగా రాసి పంపాను. మీకూ పనికి వస్తాయని ఇక్కడ మనవి చేస్తున్నాను.

మొదటిది, చల్లగా వున్న బండిని చూడాలి. "పొద్దున్నే ఎల్లాల. ఎల్లగానే బానెట్టు మీద సెయ్యేసి సూడాల. ఎచ్చగా ఉన్నాదంటే అమ్మీవోడు ముందే స్టార్టు సేసి పెట్టేసినాడు. మరెందుకు సేసినాడో ఆలోసించుకోండి." రాత్రంతా చల్లబడిన ఇంజను మొదటిసారి స్టార్టయ్యేటప్పుడే దాని ముసలితనమంతా బయటపడుతుంది. వేడెక్కిన తరువాత జ్వరం తగ్గిన రోగిలా కులాసాగా కనిపిస్తుంది.

రెండవది పొగ. నల్లపొగ వస్తే నూనె యెక్కువ, గాలి తక్కువ అని. నీలపొగ వస్తే ఇంజను ఆయిలు మండుతున్నదని. టర్బో ఇరుసు దగ్గర నుంచి కారుతున్నదేమో చూసుకోవాలి. తెల్లపొగ వచ్చి, ఇంజను వేడెక్కినా తగ్గకపోతే నీళ్ళు లోపలికి పోతున్నాయేమోనని అనుమానించాలి. ఆయిలు మూత తీసి చూస్తే లోపల పాలు కలిపిన కాఫీ రంగు కనిపించిందా, ఇక అక్కడ కాఫీ కూడా తాగకుండా లేచి వచ్చెయ్యమన్నారు.

మూడవది టర్బో. ఇంజను ఆపి, చల్లారిన తరువాత గాలి గొట్టం ఊడదీసి, చక్రాన్ని వేళ్ళతో పట్టుకుని కదపాలి. పక్కలకు వెంట్రుకవాసి కదిలితే ఫరవాలేదు. ముందుకూ వెనుకకూ మాత్రం కదలరాదు. రేకులు గోడకు రాసుకున్న గుర్తులు వుండరాదు. గొట్టంలో నూనె మడుగు కట్టి వుండరాదు.

నాలుగవది, యెత్తు యెక్కించి చూడాలి. చదునయిన రోడ్డుమీద యే బండి అయినా పెద్దమనిషే. యెత్తులో కాలు నొక్కినప్పుడు బలం ఒక్క క్షణం ఆలస్యంగా వస్తుంది. అది టర్బో స్వభావం. పొగ పుంజుకుంటేగాని చక్రం పుంజుకోదు, చక్రం పుంజుకుంటేగాని బలం రాదు. ఆ ఆలస్యం తెలియనివాడు వంపులో కాలు నొక్కితే, బలం వంపు మధ్యలో ఒక్కసారిగా వచ్చి మీద పడుతుంది. ఇంజను వెనుకభాగంలో వుండే ఆ మొదటి 911 టర్బోకు, వంపు మధ్య హడలిపోయి కాలు తీసినవాడిని రోడ్డు దాటించే చెడ్డపేరు ఇందువల్లనే వచ్చింది. 944కు ఇంజను ముందూ గేరుబాక్సు వెనుకా వుండి బరువు సమంగా పంచుకుంటాయి గనుక అది కొంత నెమ్మది. ఆలస్యం మాత్రం దానికీ వున్నది.

అయిదవది అన్నిటికంటె ముఖ్యమట. "బండిని కాదు మాస్టారూ, బండినాపీ మనిసిని సూడండి" అన్నారు మేస్త్రిగారు.

నాకు వెంటనే బోధపడలేదు. ఆయన విడమరచి చెప్పారు. యెత్తెక్కి వచ్చిన టర్బో కాలిన ఇనుములా వుంటుంది. దాని ఇరుసు పలచని ఆయిలు పొరమీద తేలుతూ తిరుగుతుంది. అలా తిరుగుతుండగా టక్కున ఇంజను ఆపేస్తే ఆయిలు రావడం ఆగిపోతుంది, వేడి మాత్రం ఆగదు. మిగిలిన ఆయిలు అక్కడే మాడి బొగ్గవుతుంది. పొయ్యిమీద మూకుడులో నూనె మాడితే యెంత తోమినా పోదు చూడండి, అటువంటి నల్లటి పెచ్చు. అందుకని తెలిసిన డ్రైవరు బండి నిలిపిన తరువాత ఒకటి రెండు నిమిషాలు ఇంజనును ఊరికే తిరగనిచ్చి అప్పుడు ఆపుతాడు. తెలియనివాడు, తెలిసినా తొందరపడేవాడు, వెంటనే తాళం తిప్పేస్తాడు. "ఆ రెండు నిమిసాలు ఆగలేనోడు ఆయిలు మారస్తాడేటి? పట్టీలు సూస్తాడేటి?" అని ఆయన తీర్పు.

ఇంటికి వస్తూ ఆలోచించాను. పాత బండి కొనడమంటే పాత యజమాని అలవాట్లు కొనుక్కోవడమే. ఆయన ఓర్పు కొంటాం. ఆయన తొందర కొంటాం. నాలుగు రూపాయలు మిగులుతాయని ఆయన వాయిదా వేసిన మరమ్మతులన్నీ కొంటాం. రంగు కొత్తగా వేయించవచ్చు. అలవాట్లకు రంగు వెయ్యడం సాధ్యం కాదు.

944 టర్బో కట్టినవాళ్ళకు ఈ సంగతి తెలుసు. మనిషి ఓర్పును నమ్ముకోకుండా, ఇంజను ఆపిన తరువాత కూడా టర్బో చుట్టూ నీళ్ళు తిప్పడానికి చిన్న కరెంటు పంపు ఒకటి పెట్టారు. కాని దానికి కూడా ఒక ప్రాణగండం వున్నది. ఇంజనులో కవాటాలను నడిపే రబ్బరు బెల్టు తెగిందంటే కవాటాలూ పిస్టన్లూ ఢీకొని ఇంజను పాడవుతుంది. ఆ బెల్టు యెప్పుడు మార్చారు, యెవరు మార్చారు, బిల్లు యేది? ఇవి అడగకుండా ఆ కారు కొనేవాడు వరుడి వివరాలు అడగకుండా పిల్లనిచ్చేవాడివంటివాడు. క్లచ్చి మార్చాలంటే కారు వెనుకభాగం సగం విప్పాలి గనుక దాని కూలి కూడా తక్కువ కాదు. అందుచేత, "కారు ఖరీదు యెంతో అంతలో సగం సొమ్ము విడిగా చేతిలో వుంటేనే బేరానికి వెళ్ళు, వున్నదంతా కారుకే పెట్టేవాడివయితే అసలు వెళ్ళవద్దు" అని మేనల్లుడికి రాశాను. ఇది లారీలవాళ్ళ లెక్క. కొన్న మొదటి యేడు పాత బండి తినే తిండి ముందే కొలిచి పక్కన పెట్టుకుంటారు.

ఇంతవరకు ఇనుము సంగతి. కాగితం సంగతి కూడా చెబితేగాని ఈ కథ పూర్తి కాదు. ఇనుము మోసం చేస్తే డబ్బు పోతుంది. కాగితం మోసం చేస్తే ఇల్లు పోతుంది.

మా కాలేజీలో చదివిన ఒక అమ్మాయి తండ్రి లారీ డ్రైవరు. ఇరవై యేళ్ళు ఇతరుల బండ్లు తోలి, భార్య నగలు తాకట్టు పెట్టి, ఒక పాత టర్బో లారీ కొన్నాడు. ఆరేళ్ళు నడిపాడు. మోకాళ్ళు పట్టేసిన తరువాత అమ్మేశాడు. బ్రోకరు తెచ్చిన ఖాళీ ఫారాలమీద సంతకాలు చేసి, ఆర్.సి. పుస్తకం ఇచ్చేసి, డబ్బు తీసుకున్నాడు. కొన్నవాడు పేరు మార్పించుకోలేదు; వాడు ఇంకొకడికి అమ్మాడు; ఆ ఇంకొకడు ఇన్సూరెన్సు కట్టలేదు. ఏడాదిన్నర గడిచాక ఆ లారీ ఘాటీలో ఒక మోటారుసైకిలును గుద్దింది. మనిషి పోయాడు. కోర్టు కాగితం యెవరి ఇంటికి వచ్చింది? ఈయన ఇంటికే. పుస్తకంలో ఆయన పేరే వుంది మరి.

"నా బండి కాదు కదండీ, నేనమ్మేసినాను కదండీ" అని ఆయన నా దగ్గర కూర్చుని పదిసార్లు అన్నాడు. మాటకు అది నిజమే. చట్టానికి కాదు. బండి యెన్ని చేతులు మారినా, రిజిస్టరులో పేరు యెవరిదో అతడే యజమాని, నష్టపరిహారం బాధ్యత అతడిదే అని 2018 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఆలోచిస్తే ఆ తీర్పులో న్యాయం వుంది. చనిపోయినవాడి భార్య బిడ్డలు, బండి యెవరు యెవరికి అమ్మారో వెతుక్కుంటూ ఊళ్ళు తిరగగలరా? కాని ఆ న్యాయం ఖరీదు ఈ ముసలి డ్రైవరు చెల్లించవలసి వచ్చింది. కూతురి పేర పెట్టిన ఇంటిస్థలం అమ్మి కొంత కట్టాడు. మిగతాది వాయిదాలమీద కడుతున్నాడు. ఆ పిల్ల బి.యిడి. చదువుదామనుకున్నది, ఇప్పుడు ఒక బట్టల కొట్టులో లెక్కలు రాస్తున్నది. నన్ను చూస్తే లేచి నిలబడి నమస్కారం చేస్తుంది. ఆ నమస్కారం తీసుకోవడం నాకు కష్టంగా వుంటుంది.

కాబట్టి కొనేవారూ అమ్మేవారూ కూడా వినండి. అమ్మినవారు 29వ నంబరు ఫారం మీద రవాణా ఆఫీసుకు తెలియజేయాలి. ఒకే రాష్ట్రంలో అయితే అందుకు గడువు పద్నాలుగు రోజులు. కొన్నవారు 30వ నంబరు ఫారం పెట్టి ముప్ఫయి రోజుల్లో పేరు మార్పించుకోవాలి. అప్పుమీద కొన్న బండి అయితే అప్పు తీరిందని ఫైనాన్సువారి సంతకంతో 35వ నంబరు ఫారం తీసుకోవాలి. లేకపోతే బండి మనది, హక్కు వాళ్ళది. వేరే రాష్ట్రం బండి అయితే ఆ రాష్ట్రంవారి అనుమతిపత్రం చూడాలి. సరిహద్దు ఊరు కావడంచేత మాకు ఈ బెడద యెక్కువ. లారీ కొనేవారు ఇంకొకటి కూడా గుర్తుంచుకోవాలి. పన్నెండేళ్ళు దాటిన మామూలు లారీకీ, పదిహేనేళ్ళు దాటిన బహు ఇరుసుల లారీకీ నేషనల్ పర్మిటు ఇవ్వరు. పదకొండో యేట చవకగా వస్తున్నదని సంబరపడి కొంటే, మర్నాటి యేడు ఘాటీ కింద నిలబడి కొండవంక చూస్తూ వుండవలసిందే. బండి నంబరు కొడితే పేరు, ఎఫ్.సి., ఇన్సూరెన్సు గడువులు ఇప్పుడు ఫోనులోనే కనిపిస్తాయి. చూడటానికి ఐదు నిమిషాలు పట్టదు. ఖాళీ ఫారం మీద సంతకం మాత్రం తమ్ముడికయినా పెట్టకండి.

అమెరికాలో కూడా కారుకు టైటిలు అని ఒక పత్రం వుంటుంది. బాగా దెబ్బతిని బీమాకంపెనీ వదులుకున్న బండి అయితే దానిమీద సాల్వేజి అని ముద్ర పడుతుంది. "ఎర్రరంగు చూసేముందు ఆ తెల్లకాగితం చూడు" అని రాశాను.

ఇక మిగిలింది మా అక్కయ్య ప్రశ్న. అసలు ఎందుకు కొనాలి?

లారీ కొనేవాడికి ఈ ప్రశ్నకు జవాబు వుంది. బండి తిండి పెడుతుంది. షికారు కారు తిండి పెట్టదు, తింటుంది. ఇందులో దాపరికం పనికిరాదు. పాతకారుకు ముందు ముందు ధర పెరుగుతుంది, ఇది పెట్టుబడి అని చెప్పుకునేవాళ్ళు తమను తాము మభ్యపెట్టుకుంటున్నారు. అది ముచ్చట, ముచ్చటగానే లెక్క రాసుకోవాలి. అయితే ముచ్చట పాపమని మాత్రం నేను అనను. మా నాన్నగారు సంపాదించిన దానిలో చాలాభాగం మా చదువులకూ అక్కయ్య పెళ్ళికీ పెట్టారు. ఒక్కటి మాత్రం తనకోసం కొనుక్కున్నారు, పాత హార్మోనియం. దాని తిత్తులకు అతుకులు వేయించడానికి యేటా యెంతో కొంత అయ్యేది. అమ్మ సణుగుతూనే ఆ డబ్బు తీసి ఇచ్చేది. ఇల్లు గడిచిన తరువాత మిగిలిన డబ్బుతో అయితే, ఇంట్లోవాళ్ళకు చెప్పి అయితే, మనిషికి ఒక హార్మోనియం వుండవచ్చు. అప్పుచేసి అయితే కూడదు. దాచిపెట్టి అయితే అసలే కూడదు. ఇదే మాట అక్కయ్యకు చెప్పాను. ఇదే మాట వాడికి రాసి, ముందు అమ్మకు నువ్వే చెప్పమన్నాను.

వాడు చెప్పాడు. తల్లీకొడుకులు ఒక గంట వాదించుకుని, కారుకూ మరమ్మతుకూ కలిపి ఇంత అని ఒక అంకె వేసుకున్నారట. ఇంటికోసం దాచినది ముట్టుకోకూడదని ఒప్పందం.

క్రిందటి వారం మళ్ళీ ఉత్తరం వచ్చింది. "మామయ్యా! ఆదివారం పొద్దున్న యెనిమిదింటికి వెళ్ళాను. కారు తళతళలాడుతున్నది. అమ్మే ఆయన చాలా మర్యాదస్థుడు. మీ మేస్త్రిగారు చెప్పినట్లు ముందు బానెట్ మీద చెయ్యి వేశాను. వెచ్చగా వుంది. బెల్టు బిల్లు అడిగాను. ఎక్కడో వుంది, తరువాత పంపిస్తానన్నాడు. దణ్ణం పెట్టి వచ్చేశాను. వస్తుంటే ఏడుపు వచ్చినంత పనయింది."

ఉత్తరం పట్టుకుపోయి మేస్త్రిగారికి చదివి వినిపించాను. ఆయన చేతులు తుడుచుకుంటూ, "గుంటడికి సెవులొచ్చినాయి మాస్టారూ. ఇక బండి అదే దొరుకుతాది" అన్నారు.

మా అక్కయ్య నిన్న ఫోను చేసింది. కారు కొననందుకు సంతోషిస్తుందనుకున్నాను. "పాపం, వాడు చాలా దిగాలుగా వున్నాడురా. ఇంకొకటి యేదో చూశాడట, 1989 నాటిది, బిల్లులన్నీ వున్నాయట. మీ మేస్త్రిగారిని ఇంకొక్కసారి అడగకూడదూ?" అన్నది.